పడుగులో నడిచిన పిల్ల

లస్మవ్వ నూలు సొసైటీ దగ్గర వరుసలో నిలబడి ఐలవ్వతో అన్నదట. ఐలవ్వ ఆ మాటను కడుపులో ఉంచుకోలేక, నూలు కట్టలు నెత్తిన పెట్టుకొని తిరిగి వస్తూ దారిలో బుచ్చవ్వకు చెప్పిందట. బుచ్చవ్వ దాన్ని ఎక్కడా దించకుండా మోసుకొచ్చి శంకరవ్వ గడప ముందు పెట్టింది.

"నేనన్న మాట కాదు వదినె, నా మీద పెట్టకు. ఆళ్లంటున్నరు. నీ కోడలు, పిల్ల కండ్లల్ల జిల్లేడుపాలు పోస్తున్నదట. నిన్నటి సంది పోస్తున్నదట. మందబుద్ధి పిల్లను ఎవలు సాదుతరు, గుడ్డిదయితే సర్కారోళ్లన్న తీస్కపోయి అన్నం పెడ్తరని ఎవలో చెప్పిన్రట."

శంకరవ్వ గడప పక్కన కూర్చొని కండెలు చుడుతోంది. రాట్నం ఆపలేదు.

"ఎవలు చూసిన్రట?"

"లస్మవ్వనే చూసిందట. ఆళ్ల గోడ మీదికెల్లి మీ వంటింటి కిటికి కనవడ్తదాయె. పిల్ల తలకాయ మోకాళ్ల సందుల ఇరికిచ్చుకొని, రెప్పలు ఇడదీసి, సీసలకెల్లి చుక్కలు పోసిందట. గందుకే పొద్దుగాల పిల్ల పొయ్యి హన్మండ్లు పడుగుల పడ్డదట."

"లస్మవ్వ గోడెక్కి ఏం జేస్తున్నదట?"

"పిడకలు తియ్య ఎక్కిందట."

"పిడకలు తీసుకొని దిగరాదా?"

బుచ్చవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. "నీకు తెల్వాలెనని చెప్పిన గని, నాకేం పని వదినె" అంటూ లేచింది. లేచింది కానీ కదలలేదు. లోపలి అర్ర తలుపు వైపు చూస్తూ కాసేపు నిలబడింది. అటు నుంచి చప్పుడేమీ రాకపోయేసరికి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

లోపల కోడలు నర్మద తలుపు వెనకే కూర్చొని ఉంది. ఒళ్లో బాలలక్ష్మి. పిల్ల కండ్లకు అడ్డంగా తడిగుడ్డ. బుచ్చవ్వ తెచ్చిన మాటల్లో జిల్లేడుపాలు అబద్ధం, సర్కారు అన్నం అబద్ధం. సీసా నిజం, చుక్కలు నిజం. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వేసిందన్నదీ నిజమే.

పొద్దున జరిగింది మాత్రం ఒకరు చెప్పాల్సిన పని లేదు. సాలెవాడంతా చూసింది.

పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పట్టడం ఒక్క ఇంటి పని కాదు. ఎవరి పడుగైనా తెల్లవారేసరికి వీధి పొడుగునా చాపుతారు. ఇంటికో మనిషి వచ్చి రెండు పక్కలా నిలబడి, గంజి తడి ఆరేలోపు కుంచెలతో దువ్వి, పోగుకు పోగు అంటుకోకుండా విడదీస్తారు. ఆ రెండు గంటలూ వీధి పడుగుది. మనిషైనా మేకైనా వెనక సందులోంచి పోవలసిందే. వాడలో నడక నేర్చిన ప్రతి పిల్లకూ మొట్టమొదట చెప్పే సుద్ది అది. మూడేళ్ల పిల్లలు కూడా పడుగు దగ్గరికి వచ్చి, కాళ్లకు సంకెళ్లు పడ్డట్టు ఆగిపోతారు.

బాలలక్ష్మికి ఆరేళ్లు. నాలుగో ఏట నడక వచ్చింది. మాటలు ఇప్పటికీ పదో పన్నెండో. ఈ పొద్దున ఆ పిల్ల ఇంట్లోంచి బయటికి వచ్చి, ఎండకు మొహం చిట్లించి, ఎదురుగా తెల్లగా మెరుస్తున్న హన్మండ్లు పడుగులోకి నేరుగా నడిచింది. పోగులు ఛాతీకి తగిలాక ఆగిందా అంటే, ఆగలేదు. బెదిరి ముందుకే తోసుకుంది. పడుగును ఎత్తిపట్టే కత్తెర కర్ర ఒరిగింది. నడిమధ్యన వంద పైచిలుకు పోగులు తెగి గంజినీళ్లతో సహా మట్టిలో పడ్డాయి.

"నర్మదా, ఇట్ల రా" అంది శంకరవ్వ.

నర్మద పిల్లను చంకనెత్తుకొని వచ్చి మగ్గం పక్కన నిలబడింది.

"జిల్లేడుపాలా?"

"కాదత్తా."

"మరేంది?"

నర్మద జవాబు వెతుక్కుంటుండగానే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. నర్మద మొగడు కైలాసం వచ్చాడు. చేతులకు మోచేతుల దాకా గంజి ఎండి తెల్లగా పొలుసు కట్టింది. అతని వెనక హన్మండ్లు. పోయింది హన్మండ్లు పడుగు, మొహం మాడింది కైలాసానిది.

హన్మండ్లు లోపలికి రాలేదు. దర్వాజ పట్టుకొని నిలబడ్డాడు.

"చిన్నవ్వా, పడుగు మొత్తం పోలేదు లే. తెగినకాడ అతుకుతున్నరు. మాపటి వరకు నిలవడ్తది. కని వాడకు పెద్దగ ముత్తయ్య పెదనాయిన ఒక మాట చెప్పిండు. ఆయిన వచ్చి చెప్తె పంచాయితి లెక్క అయితదని నన్ను పంపిండు."

"చెప్పు బిడ్డా."

"రేపటి సంది వీధిల పడుగు ఉన్నన్ని సేపులు పిల్లను మగ్గం గుంజకు కట్టెయ్యుమన్నడు. నడుముకు మెత్తటి తాడే కట్టుండ్రి, ఎవలేమన్నరు. కట్టకుంటె, మీ పడుగు చాపిననాడు వాడల ఎవ్వలు కుంచె పట్టరు. గీ మాట నాది కాదు, ఆయినది."

కుంచె పట్టే మనుషులు రాకపోతే ఒక్క ఇల్లు పడుగు సరిచేసుకోవడం కల్ల. నలుగురు లేనిదే గంజి ఆరేలోపు పది గజాలు కూడా దువ్వలేరు. మగ్గం ఆగుతుంది. ఆ సంగతి ఎవరూ ఎవరికీ విడమరచి చెప్పలేదు.

"కట్టేస్తం" అన్నాడు కైలాసం.

"కట్టెయ్యం" అంది నర్మద.

బయటి మనిషి ముందు ఆమె మొగని మాటకు అడ్డం పోవడం ఈ తొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. శంకరవ్వ రాట్నం ఆగింది. హన్మండ్లు నేల చూశాడు, పైకప్పు చూశాడు, చివరికి తన చేతులకంటిన గంజి చూసుకున్నాడు.

"మీరు మీరు జర మాట్లాడుకోండ్రి" అన్నాడు. "కైలాసం, కోపమొచ్చినా రాకున్నా ఒక గంటల రా. అతుకులేసే చెయ్యి వాడల నీదే. నీ బిడ్డ తెంపింది నువ్వు అతికితె లెక్క సరి."

అతను తిరిగి వెళ్లాక కైలాసం దండెం మీది నూలుతాడు అందుకున్నాడు.

"తే పిల్లను."

"తేను."

"ఏం, నీ ఒక్కదాని బిడ్డనా? నేను దాన్ని కొడ్తున్ననా? అందరి పడుగులు తెంపుకుంట తిరుగుమందునా?"

"అది తెంపలే. దానికి కనవడలే."

"మల్ల మొదలు పెట్టినవా?"

అతను దగ్గరికి వచ్చి పిల్లను తీసుకున్నాడు. మొరటుగా తీసుకోలేదు. బాలలక్ష్మి తండ్రి భుజం వాసన పట్టి మెడ చుట్టూ చేతులు వేసింది. "బాపు" అంది. ఆమెకున్న పది మాటల్లో అదొకటి. తడిగుడ్డ జారి కింద పడింది.

తాడు నడుముకు చుట్టబోతూ కైలాసం పిల్ల మొహం చూశాడు. దర్వాజలోంచి వచ్చే వెలుతురు ఆ మొహం మీద పడింది. అతని చేయి ఆగిపోయింది.

కంటిపాప కన్నంతా తానే అయినట్టు పరుచుకొని ఉంది. అంచున గోధుమరంగు సన్నని పోగంత మాత్రమే మిగిలింది. వెలుతురు తగలగానే పిల్ల గట్టిగా కళ్లు మూసుకొని తండ్రి మెడలో మొహం దాచుకుంది.

"ఏమైంది దీని కండ్లకు? ఏం పోసినవే?"

"మందు."

"ఎవలిచ్చిన్రు?"

"దవాఖాన కంపౌండర్ దేవదాస్. బుధవారం కరీంనగర్ల కండ్ల క్యాంపున్నది. ముందుగాల మూడు దినాలు గీ చుక్కలెయ్యాలె. ఏస్తె కంటిపాప పెద్దగైతది. అప్పుడే డాక్టర్ లోపలికి చూడవస్తది. అయినంక వారం పది దినాలల్ల ఎప్పటి లెక్కనే అయితది. ఖరాబేం కాదు."

"మరి వెలుతురుకెందుకు మూసుకుంటున్నది?"

నర్మద తడబడింది. "వెలుతురు ఆగదన్నడు. ఎండల తిప్పద్దన్నడు. నేను లోపలనే ఉంచిన. పొద్దుగాల పొయ్యి కాడ నేనుంటే..."

"నేనిడిచిన" అంది శంకరవ్వ. "తలుపు కాడ కూసొని గోకుతుంటే, గాలికి పోనీ అని నేనే తలుపు తీసిన. నాకు చెప్పినవా నువ్వు? చెప్తె నేను ఇడుద్దునా?"

"చెప్పకపోవుడు నా తప్పే అత్తా."

"నీ తప్పు హన్మండ్లు మోస్తున్నడు."

ఆ మాట నర్మదకు తగలవలసిన చోట తగిలింది. దాచినందుకు ఫలితం ఇంత తొందరగా, ఇంత మంది ముందు వీధికెక్కుతుందని ఆమె అనుకోలేదు. మూడు రోజులు గడిస్తే చాలనుకుంది. నిన్న పొద్దున, మాపు, ఈ పొద్దున వేసింది. ఇంకో మూడు సార్లు మిగిలింది.

"సీస ఏది?" అన్నాడు కైలాసం.

"ఉన్నది."

"తే."

వంటింట్లో ఉప్పుకుండ వెనక నుంచి తెచ్చి ఇచ్చింది. బొటనవేలంత సీసా. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపల నీళ్లలాంటి మందు. ఇంత చిన్న వస్తువు కోసమా అన్నట్టు తిప్పి తిప్పి చూసి, పిడికిట్లో పెట్టుకున్నాడు.

"పోయినేడు చాలలేదా నీకు?" అన్నాడు. గొంతు పెంచలేదు. అతనికి గొంతు తగ్గిన కొద్దీ కోపం ఎక్కువని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. "ఆ క్యాంపుల నూరు మంది వరుస. గోడకు బోర్డు. మూడు కాళ్ల గుర్తులు. కాళ్లెటున్నయో చెయ్యి తిప్పి చూపుమన్నడు. ఇది నోట్లె వేలు పెట్టుకొని నిలవడ్డది. అందరు నవ్విన్రు. మందబుద్ధి పిల్ల, మాటొచ్చినంక పట్టుకరా అన్నడు ఆ డాక్టర్. మాటెప్పుడొస్తది, చూపెప్పుడు చూస్తడు? ఆ వరుసకెల్లి దీన్ని ఎత్తుకొని బయటికొచ్చింది నేను, నువ్వు కాదు."

"నేను నీ ఎనకనే ఉన్న."

"మందబుద్ధి అన్నడు, నూరు మందిల."

"ఆయినన్నందుకు నీకు కోపం. మనం ఇంట్ల దినాం అంటనే ఉన్నం."

కైలాసం మగ్గం గుంత అంచున కూర్చున్నాడు. పిల్ల ఇంకా మెడను పట్టుకునే ఉంది. "నీల్లు" అంది. ఆ చుక్కలకు నోరు ఎండుతుందని దేవదాస్ చెప్పాడు. నర్మద చెంబు తెచ్చి తాగించింది. పిల్ల చెంబు అంచును పెదవులతో వెతుక్కొని గటగటా తాగింది.

"ఈసారి వచ్చేటాయిన వేరే డాక్టరట" అంది నర్మద, చెంబు కింద పెడుతూ. "దేవదాస్ ఆయిన కింద రెండేండ్లు పని చేసిండట. బోర్డు చూపియ్యడట. చీకటి అర్రల కూసుండబెట్టి, చిన్న అద్దంతోని కంట్లకు వెలుతురు కొట్టి, కన్ను ముందట అద్దాలు మార్చి మార్చి చూస్తడట. లోపల వెలుతురు కదిలే తీరును బట్టి ఎన్నో నంబర్ అద్దం కావాల్నో ఆయినకే తెలుస్తదట. పిల్ల నోరు తెరువాల్సిన పని లేదు. మాట రాని పిల్లకైనా, ఒళ్లో పిల్లకైనా చూస్తడట."

"కంపౌండర్ అన్నీ చెప్తడు. చూపు లేని పిల్ల గీ మగ్గం కాడ ఏం జేస్తున్నదో ఆ కంపౌండర్‌కు చెప్పినవా?"

ఈ మాట వస్తుందని నర్మదకు తెలుసు. ఏడాదిగా అతను ఎత్తుకునే అడ్డం ఇదే.

"పడుగుల పోగు తెగితె ఎవలు పడ్తున్నరు? నేనా? నాకు దొరకవట్టె సరికి అటు ఇటు ఉరికే నాడె ఆపి కండ్లు పొడుచుకోవాలె. ఇదొచ్చి ఎనుక కూసొని, ఇగో అని పడ్తది. వెయ్యి పోగుల్ల ఒక్క పోగు. నీకు దొరుకుతదా? అవ్వకు దొరుకుతదా? చూపు లేకుంటె ఎట్ల పడ్తది?"

సాలె మనిషికి కన్నంటే పోగు. పోగు దొరికితే కన్నున్నట్టు, దొరకకపోతే లేనట్టు. కైలాసం తండ్రి ముసలితనంలో దారి తప్పి పక్క ఇంట్లోకి నడిచేవాడు, అయినా తెగిన పోగు పట్టినంత కాలం ఆయన చూపు బాగుందనే అన్నారు. కూతురి సంగతిలోనూ కైలాసం కొలిచింది ఆ కొలతతోనే. వేరే కొలత అతని చేతిలో లేదు.

నర్మద మగ్గం వైపు చూసింది. మగ్గం మీద ఎర్రంచు చీర సగం దిగింది.

"ఒక పోగు తెంపు" అంది.

"ఏంది?"

"నీ చేత్తోనే తెంపు. ఎక్కడనో నాకు చెప్పకు."

నేసేవాడు తన పడుగులో పోగు తానే తెంపడం ఎక్కడా లేదు. తెగిన పోగుకు తిట్టుకుంటూ లేచేవాడే తప్ప, తెంపడానికి చేయి చాపేవాడు ఉండడు. శంకరవ్వ "అశుభం మాట" అని గొణిగింది. కైలాసం పిల్లను కింద దించాడు. సీసాను ఎడమ చేతిలోకి మార్చుకొని, పడుగు మీదికి వంగి, ఎడమ అంచుకు జానెడు ఇవతల ఒక పోగు గోటితో తెంపాడు. రెండు కొనలూ పోగుల మధ్యకు జారిపోయాయి.

నర్మద కొంగు కొసన పీలిక చింపి, దాన్ని రెండు మడతలు పెట్టి, పిల్ల కళ్లకు చుట్టి వెనక ముడి వేసింది. పిల్ల ఏడవలేదు. కట్టు పడ్డాక వెలుతురు పోటు తగ్గిందేమో, మొహం చిట్లింపు వదిలి తేటగా అయింది.

"బాలీ, పోగు" అంది నర్మద.

పిల్ల అలవాటు ప్రకారం మగ్గం వెనక్కి నడిచింది. మోకాలు గుంజకు తగిలింది, పట్టించుకోలేదు. కూర్చుంది. కుడి చేయి మూడు వేళ్లు పడుగు మీద ఆనించి, కుడి అంచు నుంచి మెల్లగా జరిపింది. ఆ వేళ్లు పోగుల మీద నడుస్తుంటే చిన్న గరగర వినిపించింది. నడుమ దాకా వచ్చింది. నడుమ దాటింది. ఎడమ అంచు ఇంకా జానెడు ఉందనగా వేళ్లు ఆగాయి. ఒకసారి వెనక్కి పోయి మళ్లీ ముందుకు వచ్చాయి. పోగు లేని సందులోకి చూపుడువేలు దిగింది. వెనక కొన దొరికింది. దాన్ని పట్టుకొని పైకి లేపి, ఎటు చూపించాలో తెలియక, గాలిలోకి చూపించింది.

"బాపు" అంది.

కైలాసం అందుకోలేదు. పిల్ల చేయి అలాగే ఉంది. కాసేపటికి మళ్లీ "బాపు" అంది, ఈసారి కొంచెం గట్టిగా. అప్పుడు అతను ముందుకు వంగి కొన తీసుకున్నాడు.

కట్టు ఉన్నా, పిల్లకు రోజూ పట్టినంత సేపే పట్టింది. అది అతనికి కూడా లెక్కకు వచ్చింది. వెయ్యిసార్లు చూసిన పనే. ఇన్నాళ్లూ పిల్ల వేళ్లు కదులుతుంటే అతను పిల్ల మొహం చూడలేదు, పోగునే చూశాడు.

అతను ఆ పోగును అతికాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక్కసారి తిప్పితే అతుకు పడింది. వీధిలో హన్మండ్లు పడుగు దగ్గర ఎవరో ఎవరినో "గట్టిగ గుంజకురా" అని కసరడం వినిపించింది.

"సరే" అన్నాడు చివరికి. "కనవడదు. అద్దాలు పెడ్తె మాటలొస్తయా?"

"ఏమో."

"బుద్ధొస్తదా?"

"రాదు కావచ్చు. నేను గూడ అడిగిన. బుద్ధికి అద్దాలు లెవ్వమ్మా అన్నడు దేవదాస్. కని గిసొంటి పిల్లలు శానమందికి చూపు గూడ తక్కువుంటదట. బుద్ధి తక్కువని చూపు ఎవలు చూడరట. రెండు కష్టాలుంటె ఒక్కటన్న తియ్యమా?"

"అద్దాలు మొకం మీద ఉంచుకుంటదా? పీకి పారెయ్యదా?"

"ఎనుకకు దారం కట్టి ముడేస్త. దినాం ఒక గడియ, రెండు గడియలు. అలవాటు చేస్త."

"వాడల పిల్లలు నవ్వుతరు."

"నవ్వనీ. ఇప్పుడేమన్న తక్కువ నవ్వుతున్నరా?"

కైలాసం పిల్ల కళ్లకున్న కట్టు విప్పబోయి, దర్వాజ వైపు చూసి, మానేశాడు. లేచి వెళ్లి ఒక తలుపు రెక్క మూసి, తిరిగి వచ్చి కట్టు విప్పాడు. నర్మద అది గమనించింది. గమనించినట్టు కనిపించకుండా కింద పడ్డ తడిగుడ్డ తీసి మడత పెట్టింది.

"బుధవారం పొద్దుగాల బస్సున్నది" అంది. "నువ్వు రాకున్నా నేను పోత. నువ్వొస్తె మంచిగుంటది. చీకటి అర్రల అది నీ దగ్గరయితేనే కూసుంటది."

"ముత్తయ్య పెదనాయినకు ఏం జెప్పుడు?"

"ఉన్నది చెప్పు. మందేసినం, అందుకు పడ్డది, తప్పు మాదే అని చెప్పు. క్యాంపుకు తప్ప పది దినాలు పిల్లను నేను గుమ్మం దాటనియ్య. తాడు మాత్రం కట్ట. పది దినాలయినంక అద్దాలొస్తె సరే. రాకుంటె అప్పుడు మాట్లాడుదం."

"ఆయిన ఇంటడా?"

"ఇనకుంటె మన పడుగు మనమే దువ్వుకుందం."

"నలుగురు లేకుంటె ఎట్ల దువ్వుతవే?"

నర్మద చేయి చాపింది. "మాపటికి చుక్కలేసే యాళ్లయితది. సీస ఇయ్యి" అంది.

కైలాసం పిడికిలి విప్పలేదు. ఇవ్వనని కూడా అనలేదు. "ఇంట్ల ఒకలకొకలు తెల్వకుంట మందులు, మాకులు. లస్మవ్వకు తెల్సింది, ఐలవ్వకు తెల్సింది. కన్నతండ్రికి తెల్వది. నిన్న నాకు చెప్తె ఏమయితుండె?"

"వద్దందువు."

"వద్దందునో, ఏమందునో. చెప్పాలె గదా."

"చెప్పాలె" అంది నర్మద. "ఇగ మీదట చెప్త."

అతను తల్లి వైపు తిరిగాడు. శంకరవ్వ ఇంతసేపూ ఆగిన రాట్నం మీద చేయి వేసుకొని కూర్చునే ఉంది. పరీక్ష జరుగుతున్నప్పుడు కొడుకూ కోడలూ మగ్గం వెనక్కి మెడలు చాచారు కానీ, ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. పిల్ల వేలు పోగు సందులోకి దిగినప్పుడు కూడా ఆమె మొహంలో వింతపడ్డ జాడ లేదు. ఆ సంగతి నర్మదకు ఇప్పుడు తట్టింది.

"నువ్వేందవ్వా, ఒక్క మాటన్న అనవు" అన్నాడు కైలాసం. "పొద్దుందాక అది నీ పక్కన్నే కూసుంటది. నువ్వు కండె చుడ్తె నీ పక్కన కూసొని చుడ్తది. నీకు గూడ ఎన్నడు అనుమానం రాలేదా?"

"అనుమానమెందుకు, నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"దానికి కండ్లు కనవడయని."

కైలాసం అర్థం కానట్టు నిలబడ్డాడు. "ఇయ్యాల్నా?"

"ఒళ్లె ఆడేటప్పటి సంది. నేను నవ్వితె నవ్వకపోయేది. నోరు తెరిచి పలకరిస్తెనే నవ్వుతుండె. రెండు మూడు మాట్ల చూసిన. సప్పుడు చెయ్యకుంట ఎదురుంగ కూసొని ఎంతసేపు నవ్వినా, గోడను చూసినట్టే చూస్తుండె. ఆరుగురిని కన్న, నాకు తెల్వదా?"

"అయిదేండ్ల సంది?"

"అయిదు దాటినయి."

నర్మద చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది. పోయినేడు కరీంనగర్ బోర్డు ముందు పిల్ల నోట్లో వేలు పెట్టుకొని నిలబడ్డ రోజు, ఇంటికి వచ్చాక శంకరవ్వ ఏమీ అడగకుండా అన్నం పెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు ముసలమ్మకు మనసు రాయి అనుకుంది తను.

"తెల్సి ఎందుకు చెప్పలేదత్తా?" అంది.

శంకరవ్వ తెగిన కండె దారాన్ని నాలుకతో తడిపి, వేళ్ల మధ్య అతికి, రాట్నం మళ్లీ తిప్పింది. కోడలి వైపు చూడలేదు, కొడుకు వైపు చూడలేదు.

"చెప్తె మీరేం జేద్దురు? బుద్ధే లేని పిల్లకు కండ్లెందుకని ఊకుందురు. నేను గూడ గందుకే ఊకున్న."